బిషప్ న్యూబిగిన్ గారి గ్రంథములును మన నంద్యాల సీమయు

ఈ సంవత్సరపు పత్రికకు ఒక వ్యాసము వ్రాసి ఇమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, విద్యార్థులకు ఉపయోగపడునదిగా నుండవలెనని మాత్రము చెప్పి, విషయమును నాకే విడిచిపెట్టిరి. ఏమి వ్రాయుదునా యని యోచించుచుండగా, పదియవ తరగతి బాలుడొకడు నా బల్లమీదనున్న పుస్తకమును త్రిప్పి చూచి, "అయ్యవారూ, ఈ న్యూబిగిన్ ఎవరండీ? మన ఆళ్లగడ్డతో ఆయనకు ఏమి పని?" అని అడిగెను. "ఆయన వాదించిన సంగతి నీవు పుట్టకముందే, నీ తండ్రి పుట్టకముందే మన సీమకు వచ్చి, మన ఇండ్లలో చొచ్చి, ఒక్క కుటుంబమువారినే రెండు పక్షములుగా నిలువబెట్టినది" అంటిని. ఇంతలో గంట మ్రోగెను. బాలుడు వెళ్లిపోయెను. సగములో నిలిచిన ఆ జవాబును పూర్తిచేయుటకే ఈ నాలుగు మాటలు.

ఇరువదవ శతాబ్దపు క్రైస్తవ పండితులలో ఒక్కరినైనను మనము శ్రద్ధగా చదువవలెనన్నచో, ఆ యొక్కరు లెస్లీ న్యూబిగిన్ గారు కావలెనని నా అభిప్రాయము. కార్ల్ బార్త్, బోన్‌హోఫర్ మొదలగువారు మహాపండితులు. వారిని చదువవద్దని నేననను. కాని వారి ప్రశ్నలు ఐరోపాఖండపు యుద్ధములలోను అచ్చటి విశ్వవిద్యాలయములలోను పుట్టినవి. న్యూబిగిన్ గారి ప్రశ్న దక్షిణ హిందూదేశపు పల్లెలలో పుట్టినది. ఇదిగాక ఇంకొక కారణమును కలదు. ఆయన ఏ కూడికను సమర్థించి గ్రంథము వ్రాసిరో, ఆ కూడికను వలదన్నవారు మన నంద్యాల పెద్దలు. మనలను మెచ్చుకొను పుస్తకమును చదువుట సులభము. మన తాతలు కాదన్నదానిని అవునని వాదించు పుస్తకమును చదువుటయే చదువు.

మొదట ఆయన సంగతి కొంచెము చెప్పెదను. ఆయన 1909వ సంవత్సరము డిసెంబరులో ఇంగ్లాండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించిరి. కేంబ్రిడ్జిలో భూగోళశాస్త్రమును అర్థశాస్త్రమును చదివిరి. ఆ దినములలో ఆయనకు క్రైస్తవమతమున స్థిరమైన నమ్మకము లేదు. 1929వ సంవత్సరపు వేసవిలో దక్షిణ వేల్సులోని బొగ్గుగనుల సీమకు, పనులు పోయి దిక్కుతోచకయున్న కూలివారికి సహాయము చేయుటకై వెళ్లిరి. ఆకాశమును భూమిని కలుపుచు, అట్టి నిరాశలో పడియున్నవారిని సహితము చేరదీయు సిలువ యొకటి ఒక రాత్రి ఆయన మనోనేత్రమునకు కనబడెనట. ఆ తరువాత దైవశాస్త్రము చదువుటకు మరల కేంబ్రిడ్జికి వచ్చి, రోమీయులకు వ్రాయబడిన పత్రికను గ్రీకు మూలమున నెలల తరబడి పట్టుకొని కూర్చుండిరి. ఆ యొక్క పత్రికయే ఆయన తలంపులను తలక్రిందులు చేసెను. మానవుడు తన మంచితనముచేత దేవుని యొద్దకు ఎక్కిపోవునను తలంపు అక్కడ పడిపోయినది.

విద్యార్థులు ఈ సంగతిని గమనింపవలెను. ఆయన పాండిత్యమునకు మూలము వేయి పుస్తకములు కావు. పదునారు అధ్యాయముల చిన్న పత్రిక యొకటి. ఇప్పటి మన చదువులో గైడు పుస్తకములును ప్రశ్నోత్తరమాలికలును ఎక్కువై, ఒక్క మూలమును కడవరకు చదువు ఓపిక తగ్గినది. (ఇది విద్యార్థుల తప్పుమాత్రమే కాదు, మాది కూడను.)

1936లో ఆయన స్కాట్లండు సంఘమువారి మిషనరీగా మన దేశమునకు వచ్చిరి. వచ్చిన కొలది కాలమునకే బస్సు ప్రమాదములో కాలు విరిగి స్వదేశమునకు మరలవలసి వచ్చెను. 1939లో తిరిగివచ్చి కాంచీపురమున నివసించి, తమిళమును చక్కగా నేర్చి, పల్లెపల్లెకు తిరిగిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన, అనగా స్వరాజ్యము వచ్చిన ఆరు వారములకు, మద్రాసులోని సెయింట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, ముప్పదియేడేండ్ల వయసున మధుర రామనాథపురము ప్రాంతములకు బిషప్పుగా నియమింపబడిరి. 1965 మొదలు 1974 వరకు మద్రాసు బిషప్పుగా నుండిరి. పిమ్మట స్వదేశమునకు పోయి, బర్మింగ్‌హాములో బోధించుచు, ఒక బీదపేటలోని చిన్న సంఘమునకు కాపరిగా పనిచేసి, 1998 జనవరి 30వ తేదీన కాలధర్మము నొందిరి. ఉద్యోగము విరమించి ఇంటికి పోవునప్పుడు సతీసమేతముగా, రెండు పెట్టెలతో, మామూలు బస్సులలో ఎక్కుచు దిగుచు మన దేశమునుండి ఐరోపాకు భూమార్గమున వెళ్లిరి. బస్సు ప్రమాదములో కాలు విరిగినవాడు మరల బస్సునే నమ్ముకొనుట నాకు ముచ్చటగా తోచును.

ఇక మన సీమ సంగతి. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతముల సంఘములను పందొమ్మిదవ శతాబ్దమున నెలకొల్పినవారు ఎస్.పి.జి. మిషనువారని మన పిల్లలకు తెలియును. ప్రార్థన పుస్తకము, బిషప్పు, కన్ఫర్మేషను, పండుగల క్రమము, ఇవన్నియు ఆంగ్లికను సంఘమునుండి మనకు వచ్చినవి. పొరుగున జమ్మలమడుగు, కడప ప్రాంతములలో లండను మిషనువారి సంఘములుండెను. వారికి బిషప్పులు లేరు; సంఘస్థుల సభయే పెద్ద. రెండు సంఘములవారును ఒకే తెలుగు బైబిలు చదువుదురు, ఒకే కీర్తనలు పాడుదురు, ఒకే సంతలో బేరమాడుదురు. కాని ప్రభువు బల్లయొద్ద కలిసి మోకరించుటకు లేదు. ఇంగ్లాండులో రాజులకును మతపెద్దలకును నడుమ కొన్ని వందల యేండ్ల క్రిందట జరిగిన తగవు నల్లమల క్రింది పల్లెలకు మూటగట్టుకొని వచ్చినది.

ఈ వింతను మొదట గట్టిగా ప్రశ్నించినవారు మనవారే. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పది మువ్వురు సమావేశమై, విడిపోయిన సంఘములన్నియు ఒకటి కావలెనని ప్రకటించిరి. డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు అందులో ముఖ్యులు. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నొందిన మొదటి భారతీయుడాయనయే. పల్లెలో రెండు సంఘములుండుట క్రొత్తగా నమ్మినవారికి పాపము వంటిదని ఆయన ఊరూర చెప్పిరి. సుమారు ముప్పది యేండ్లు చర్చలు జరిగినవి. అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన కన్నుమూసిరి, ఫలమును చూడలేదు. 1947లో ఆంగ్లికను డయోసిస్‌లు నాలుగును, మెథడిస్టులును, ప్రెస్బిటీరియను కాంగ్రిగేషనలు సంఘములవారును కలిసి ఒక్క సంఘమైరి. ప్రపంచములో బిషప్పులున్న సంఘమును బిషప్పులు లేని సంఘములును ఇట్లు ఏకమగుట అదియే ప్రథమము.

నంద్యాల కలియలేదు. చుట్టుపట్ల సంఘములన్నియు క్రొత్త సంఘములో చేరగా, నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు వేలకొలదిగా పాత సంఘములోనే నిలిచిపోయిరి. ఇప్పుడు నంద్యాల డయోసిస్ దక్షిణ ఇండియా సంఘములోనిదే. మన పిల్లలలో అనేకులకు పూర్వమొక భేదముండెనని కూడ తెలియదు. కాని ఆ మధ్యకాలమున గడిచిన బ్రదుకులు పుస్తకములలో లేవు.

మా యింటి సంగతి యొకటి చెప్పెదను. మా ముత్తాతగారు ఆళ్లగడ్డ ప్రాంతపు ఒక పల్లెలో ఉపదేశి. ఆయన పాత సంఘమును విడువనన్నవారిలో ఒకరు. ఆయన కోడలు, అనగా మా జేజి, జమ్మలమడుగువైపు పిల్ల. లండను మిషనువారి సంఘములో పెరిగినది. 1949లో పెండ్లియై మా యింటికి వచ్చెను. పుట్టినింటివారు క్రొత్త సంఘమువారైరి, మెట్టినింటివారు పాత సంఘమువారు. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున అందరును లేచి ముందునకు పోవునప్పుడు జేజి వెనుక గోడయొద్దనే కూర్చుండెడిదట, పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని. ఎవరైన ఆమెను వారించిరో, తానే వెనుకకు తగ్గెనో ఇంటిలో ఎవరును చెప్పరు. "బిడ్డ ఏడ్చుచుండెను, అందుకే పోలేదు" అనునదే ఆమె జవాబు. ఏడెనిమిదేండ్లు బిడ్డలు ఏడ్చుచునే యుండిరి కాబోలు.

ఈ కథ చెప్పి మా ముత్తాతగారిని నిందింపవలెనని నా తలంపు కాదు. ఆయన మొండివాడు కాడు, తెలియనివాడును కాడు. కాని న్యూబిగిన్ గారి పుస్తకమును నేను చదువునప్పుడెల్ల ఒక ప్రక్కన ఆయన, ఒక ప్రక్కన జేజి కూర్చుండినట్లు నాకు తోచును. అట్లు చదువుటయే సరియైన చదువని నా నమ్మకము.

ఆ పుస్తకము పేరు 'ది రీయూనియన్ ఆఫ్ ది చర్చ్', అనగా 'సంఘ పునరైక్యము'. 1948లో అచ్చయినది. అది నంద్యాలవారికై వ్రాయబడినది కాదు. ఇంగ్లాండులో ఈ కూడికను ఎదిరించుచున్న పండితులకు సమాధానముగా వ్రాయబడినది. మన దేశపు శాస్త్రములలో మొదట పూర్వపక్షమును చెప్పి పిదప సిద్ధాంతమును చెప్పు పద్ధతి కలదు గదా. ఎదుటివాని మాటను వాడు చెప్పినదానికంటె బలముగా చెప్పి, తరువాత దానికి జవాబు చెప్పుట ఉత్తమ వాదమని మన పెద్దలనిరి. న్యూబిగిన్ గారి గ్రంథము చాలమట్టుకు ఈ పద్ధతిని నడచినది. కనుక మనమును అట్లే చూతము.

పూర్వపక్షమిది. క్రీస్తు అపొస్తలులను నియమించెను. వారు హస్తనిక్షేపణముచేత తమ తరువాతివారికి ఆ పనిని అప్పగించిరి. ఆ గొలుసు బిషప్పుల ద్వారా నేటివరకు తెగక వచ్చినది. ఆ గొలుసులో లేనివాడు ఎంత భక్తుడైనను ప్రభువు బల్లను నడిపించు అధికారి కాడు. ఈ అధికారము మన సొత్తు కాదు, దేవుడు దాచుమని ఇచ్చిన ఇల్లడ. ఇల్లడ సొమ్మును స్నేహముకొరకు పంచిపెట్టు హక్కు ఎవరికిని లేదు. దక్షిణ ఇండియా సంఘములోనో, ఇకముందు అభిషేకము బిషప్పులే చేయుదురు గాని, బిషప్పు చేయి పడని పాత పాదిరిగార్లును గురువులుగానే అంగీకరింపబడిరి. ఇష్టములేని సంఘముమీద అట్టివారిని బలవంతముగా నియమింపమని మాట యిచ్చినను, గొలుసున అతుకు అతుకే. మా ముత్తాతగారికి ఇంగ్లీషు రాదు. అయినను ఆయన వాదము ఆక్స్‌ఫర్డు పండితుల వాదమునకు ఏమాత్రము తక్కువ కాదు.

న్యూబిగిన్ గారి సిద్ధాంతము ఇట్లున్నది. సంఘమనగా ఏమి? కృపచేత అంగీకరింపబడిన పాపుల కూటము. పాపి మొదట పరిశుద్ధుడై, పిమ్మట దేవునిచేత అంగీకరింపబడడు. మొదట అంగీకరింపబడి, పిమ్మట పరిశుద్ధుడగుచు పోవును. ఒక్క మనుష్యుని విషయమున ఇది నిజమైనచో, సంఘము విషయమునను నిజము కావలెను గదా! ఈ లక్షణములన్నియు నీలో మొదట కనబడనిమ్ము, అప్పుడు నిన్ను సంఘమందునని చెప్పుట, క్రియల మూలముగా నీతిని సంపాదింపుమని చెప్పుటయే. విడిపోయిన సంఘములన్నియు పాపములోనే యున్నవి; ఏదియు సంపూర్ణము కాదు. అయినను దేవుడు వాటిలో తన ఆత్మను అనుగ్రహించుచునే యున్నాడు. కొర్నేలి యింట అన్యజనులమీద ఆత్మ దిగుట చూచిన పేతురు దేవుని అడ్డగించుటకు తానెవడనని వెనుకకు తగ్గెను. అట్లే, దేవుడు అంగీకరించినవారిని మనము అంగీకరించి, మొదట ఒకటియై, పిమ్మట ఒక్క యింటిలో బ్రదుకుచు లోటులను సవరించుకొనవలెను. బిషప్పులుండుట మేలే, అది ఐక్యతకు దేవుడిచ్చిన వరము. కాని వరమును గడపకు అడ్డముగా పెట్టరాదు.

ఇంతవరకు విని, 'సరి, ఆత్మసంబంధముగా మనమందరము ఒకటే. వేరువేరు సంఘములుగా నుండిన నష్టమేమి?' అని ఎవరైన తేలికగా పలుకుదురేమో. వారిని ఆయన ఇంకను గట్టిగా పట్టుకొందురు. కంటికి కనబడని ఐక్యత చాలునన్నచో, వాక్యము శరీరధారి కావలసిన పని యేమి? సంఘము క్రీస్తు శరీరమని చెప్పి, శరీరము తునుకలుగా నున్నను ఫరవాలేదనుట మాటలతో ఆడుకొనుట. ఒక ఊరిలో ఉన్న విశ్వాసులందరును కంటికి కనబడునట్లు ఒక్క సహవాసముగా బ్రదుకవలెనని ఆయన కడవరకు పట్టుబట్టిరి. 1961లో ఢిల్లీలో ప్రపంచ సంఘముల సమాఖ్య మూడవ మహాసభ జరిగినప్పుడు అది చేసిన ఐక్యతా ప్రకటనలో ప్రతిస్థలమున అందరును అను భావము ప్రధానమైనది. అది ఆయన చేతి వ్రాతయే. "ప్రతిస్థలము" అన్న మాటను మనవారు దాటిపోకూడదు. అనగా జెనీవా కాదు, లండను కాదు. వక్కిలేటి ఒడ్డున నున్న మీ పల్లె.

ఈ వాదమును నేను మొదట చదివినప్పుడు మూడు దినములు ఇతరమేమియు చదువలేకపోతిని. రక్షణను గూర్చి మనమెల్లరము ఒప్పుకొను సంగతిని తీసి, మనము ఒప్పుకొనని చోట నిలువబెట్టిన వాదమిది. ఆళ్లగడ్డ శిల్పులు రాతిని చెక్కకముందు సుత్తితో తట్టి ధ్వని విందురు. లోపల పగులున్న రాయి వేరుగా పలుకును. నేనును ఈ వాదమును అనేక పర్యాయములు తట్టి చూచితిని. ముఖ్యస్థానమున పగులు కనబడలేదు. మా ముత్తాతగారి పక్షమునకంటె ఇది బలమైనదని నేను ఒప్పుకొనక తప్పదు.

అయినను ఆ పుస్తకమున ఒక లోటు కలదు. అందులో సిద్ధాంతమునకు త్రాసు చాల సూక్ష్మమైనది. పల్లె మనుష్యుని బ్రదుకునకు త్రాసు అంత సూక్ష్మమైనది కాదు. ఊరిబావికి రానీయని పేదలకు, ఎస్.పి.జి. యనగా హస్తనిక్షేపణ సిద్ధాంతము మాత్రమే కాదు. పలకమీద అక్షరము వ్రాయించిన అయ్యవారు అది. పేరు పెట్టి పిలిచిన దొరసాని అది. చచ్చినప్పుడు గౌరవముగా పాతిపెట్టు స్థలము అది. ప్రార్థన పుస్తకము చేతిలో పట్టుకొని, అక్షరము తెలియకున్నను ప్రతివచనములను కంఠస్థముగా చెప్పిన ముసలివారిని నేనెరుగుదును. అట్టివారితో, 'ఈ దినమునుండి మీరు వేరొక సంఘము' అని మద్రాసులోను కలకత్తాలోను కూర్చున్న పెద్దలు తీర్మానించి చెప్పినప్పుడు, 'మమ్ము ఎవరడిగిరి?' అని వారు పలుకుటలో తప్పేమి? వారు కాదన్నది ఐక్యతను కాకపోవచ్చును. తమ్మును అడుగకుండ తమ యిల్లు మార్చుటను. పండితులు దీనిని మొండితనమనుకొనిరి. కృపచేత అంగీకరింపబడుటను గూర్చి అంత చక్కగా వ్రాసిన వాదములో, భయపడి వెనుకనిలిచినవారిని అంగీకరించు మార్గమును గూర్చి ఇంకొక అధ్యాయము ఉండవలసినది.

ఇంగ్లాండువారును తొందరగా తేల్చుకొనలేదని ఇచ్చట జ్ఞాపకము చేయుట న్యాయము. 1948లో లాంబెత్ మహాసభలో కూడిన ఆంగ్లికను బిషప్పులు క్రొత్త సంఘపు గురుత్వమును గూర్చి ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. 1955లో గాని అచ్చటి సంఘసభలు కొంతమట్టుకు అంగీకారము తెలుపలేదు. అంతటి పండితులే తడుముకొనుచుండగా, ఆళ్లగడ్డ ఉపదేశి ఒకడు తడుముకొనుట వింతయా?

న్యూబిగిన్ గారిని చదువువారు ఈ యొక్క పుస్తకముతో ఆగరాదు. ఆయన తలంపు పెరిగినది. 1952లో గ్లాస్గోలో చేసిన ఉపన్యాసములు మరుసటి సంవత్సరము 'ది హౌస్‌హోల్డ్ ఆఫ్ గాడ్', అనగా 'దేవుని యిల్లు' అను గ్రంథముగా వెలువడినవి. సంఘములో మనుష్యుడు చేరుట ఎట్లు అను ప్రశ్నకు మూడు జవాబులున్నవని అందులో చెప్పిరి. వాక్యమును విని నమ్ముటచేత అని ప్రొటెస్టంటులు. సంస్కారములుగల చారిత్రక శరీరములో చేర్చబడుటచేత అని కాథలిక్కులు. పరిశుద్ధాత్మ శక్తిని అనుభవించుటచేత అని పెంతెకొస్తువారు. ఈ మూడును కావలెను, ఏ యొక్కటియు తక్కిన రెండు లేనిదే నిలువలేదు అని ఆయన మతము. 1950 ప్రాంతమున పెంతెకొస్తువారిని పెద్ద సంఘముల పండితులు లెక్కపెట్టని దినములలో వారికి అంత గౌరవస్థాన మిచ్చుట గొప్ప సంగతి. నేడు మన వీధులలో ఎన్ని ప్రార్థనా మందిరములున్నవో లెక్కించిచూచినవారికి ఈ పుస్తకముతో పని ఎంత కలదో చెప్పనక్కరలేదు. 1947 నాటి గోడ పోయినది. క్రొత్త గోడలు పదింతలు లేచినవి.

కాంచీపురపు దినములను గూర్చి ఆయన చెప్పిన సంగతి యొకటి మన హైందవ విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును వినసొంపుగా నుండును. వారమునకొక సాయంకాలము ఆయన అచ్చటి రామకృష్ణ మఠమునకు పోయి, సన్న్యాసులతోపాటు నేలమీద కూర్చుండి, ఉపనిషత్తులను సువార్తలను వారితో కలిసి చదివెడివారు. ఆ మఠపు పెద్ద గదిలో మతాచార్యుల పటములలో యేసు పటమును ఉండెడిది. క్రిస్మసు దినమున దానికి పూజ జరిగెడిది. యేసును ఇట్లు తమ లోకదృష్టిలో ఒక స్థానమున అమర్చుకొనుట క్రీస్తును తెలిసికొనుట కాదని ఆయనకు తోచినది. అంతటితో ఊరకుండక, మా ఇంగ్లాండువారము మాత్రము చేసినదేమి, మా దేశపు లోకదృష్టిలో ఆయనకొక గూడు కట్టి అందులో నిలువబెట్టలేదా యని తన్ను తానే ప్రశ్నించుకొనిరి. వృద్ధాప్యమున, 1989లో, వ్రాసిన 'ది గాస్పెల్ ఇన్ ఎ ప్లూరలిస్ట్ సొసైటీ' యను గ్రంథమునకు విత్తనము ఆ మఠపు నేలమీద పడినదే. ఎదుటివారి గ్రంథమును వారి యింటిలో, వారి ప్రక్కన కూర్చుండి చదివినవానికే ఇట్టి స్వపరీక్ష అబ్బును.

ఇంత వ్రాసినందుకు కొందరు నన్ను ఆక్షేపింతురని ఎరుగుదును. 'మానిన పుండును మరల రేపనేల?' అని పెద్దలు అందురు. మానినదా, పైన తోలు కట్టినదా యని నేనడుగుదును. నేటికిని సంఘములలో ఎన్నికలు వచ్చినప్పుడు ఎవరి తాత ఏ పక్షమని కొందరు గుసగుసలాడుదురు. ఎందుకు ఆ పక్షమో మాత్రము చెప్పలేరు. కారణము మరచిపోయి కోపము మాత్రము జ్ఞాపకముంచుకొనుటకంటె, కారణమును చదివి కోపమును మరచుట మంచిది కాదా?

'పిల్లలకు మార్కులు ముఖ్యము. దైవశాస్త్రము కాలేజీ విషయము' అని తల్లిదండ్రులందురు. పూర్వపక్షమును సరిగా చెప్పనేర్చిన బాలుడు ఏ పరీక్షలోనైనను వెనుకబడడు. మూడవ ఆక్షేపణ ఇంగ్లీషును గూర్చినది. దీనిలో కొంత నిజము కలదు. ఆయన ఇంగ్లీషు తేటగానే యుండును, పండితుల ఇంగ్లీషువలె ముడిపడియుండదు. అయినను మన పిల్లలకు అది పరభాషయే. నేను మొదటి పుస్తకములోని ముఖ్యభాగములను తెలుగులో చెప్పుకొన ప్రయత్నించితిని. ఇంగ్లీషులో 'జస్టిఫికేషన్' అను ఒక్క పదమునకు మన బైబిలులో 'నీతిమంతులుగా తీర్చబడుట' అని యున్నది. రెండు మాటలైనను 'తీర్చు' అన్న క్రియ ఎంత అందమైనది! మనము ముగ్గు తీర్చుదుము, తగవు తీర్చుదుము, బాకీ తీర్చుదుము. న్యూబిగిన్ గారి వాదమంతయు ఆ తెలుగు క్రియలో ఒదిగియున్నట్లు నాకు తోచినది. మా ముత్తాతగారితో ఈ సంగతిని తెలుగులో ఎవరైన కూర్చుండి మాట్లాడియుండిన ఏమగునో!

కాబట్టి నా మనవి యిది. అర్ధసంవత్సర పరీక్షలైన పిమ్మట శనివారము సాయంకాలము గంటసేపు మన గ్రంథాలయములో ఈ గ్రంథములను చదువ దలచితిని. తొమ్మిది పది తరగతులవారును, పాత విద్యార్థులును, ఇష్టమున్న తల్లిదండ్రులును రావచ్చును. క్రైస్తవులు కానివారికిని స్వాగతము. వారమునకు నాలుగు పుటలకంటె ఎక్కువ చదువము. మొదట ఇంగ్లీషున ఒకరు చదువగా, మరియొకరు తెలుగున చెప్పవలెను. ప్రతి సమావేశమున ఒకరు పాత సంఘము పక్షమున నిలిచి మాట్లాడవలెను, అదియు ఎగతాళికి కాక నిజముగా నమ్మినవానివలె. మొదటి నెల ఆ పని నాదే.

ఇంకొకటి. మీ యిండ్లలో గాని మీ పల్లెలలో గాని 1947 నాటి సంగతులను ఎరిగిన వృద్ధులుండిన, ఇప్పటికి వారికి తొంబదియేండ్ల వయసు వచ్చియుండును. దసరా సెలవులలో వారి యొద్ద కూర్చుండి, ఆ దినములలో గుడిలో ఏమి జరిగెనో, ఎవరు ఏమనిరో, ఎవరు ఎక్కడ కూర్చుండిరో అడిగి వ్రాసికొని రండు. వారు చెప్పిన మాటలలోనే వ్రాయుడు, దిద్దకుడు. మా జేజిని అట్లు అడుగవలెనన్న బుద్ధి నాకు పుట్టునప్పటికి ఆమె లేదు. ఆమె ప్రార్థన పుస్తకము మాత్రము నా యొద్ద నున్నది. ప్రభురాత్రి భోజన క్రమమున్న పుటలు తక్కిన అన్ని పుటలకంటె ఎక్కువగా నలిగియున్నవి.